కంచెలో వదిలిన ఖాళీ

బీన్స్‌లో ఉప్పు రెండుసార్లు వేశానేమో, వేస్తే వేశాను, తినేది ఆ ఇద్దరే కదా, ఒకే కుండలోది రెండు డబ్బాల్లో సర్ది తెచ్చినా ఉప్పు కషాయమని ఒకడంటాడు, చప్పిడి తిండని ఇంకొకడంటాడు, నాలుక మీద రుచి కూడా ఆ తండ్రీకొడుకులకి ఒకటిగా ఉండకూడదు, ఇదిగో ఈ బండి చక్రం మళ్ళీ కిర్రుమంటోంది, కందెన రాయరా రూఫస్ అని చెప్పి నెలయింది, వాడికి తీరికెక్కడిది, కంచె కడుతున్నాడుగా, పోనీ నాన్నకి చెబుదామంటే ఆయనకి అసలే తీరిక లేదు, కంచె కట్టకుండా ఆపుతున్నాడుగా, పందొమ్మిది రోజుల నుంచి వంటింట్లో నా బల్ల దగ్గరి కుర్చీ తీసుకుపోయి ఆ గట్టు మీద వేసుకుని, మోకాళ్ళ మీద తుపాకి పెట్టుకుని, పొద్దున్న కాఫీ తాగి పనివాళ్ళ బండెక్కి వెళ్ళినవాడు పొద్దుగూకే దాకా అక్కడే, డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, జబెజ్ మాడక్ అంటే ఈ వ్యోమింగ్ అంతా ఒకప్పుడు టోపీ తీసిన మనిషి, ఇప్పుడు కంచెలో కంతకి కాపలా, నేనేమో నిలబడి ముల్లంగి తరుక్కుంటున్నాను, ఇంకో కుర్చీ చేయించరా అంటే దానికీ వాడికి తీరిక లేదు.

ఇవాళ మాత్రం నోరు విప్పను, పొద్దున్నే దేవుడి మీద ఒట్టేసుకున్నాను, డబ్బా ఇక్కడ పెట్టడం, డబ్బా అక్కడ పెట్టడం, మాట్లాడకుండా తిరిగి రావడం, నిన్నటిది చాలు, నిన్న ఇద్దరి మధ్యా ఇరవై గజాలు కూడా లేవు, ఒకరి దగ్గు ఒకరికి వినిపిస్తుంది, అయినా అమ్మాయ్, ఆ గుంజలు కుక్క వెనకకాళ్ళలా వంకరగా ఉన్నాయని వాడికి చెప్పు అంటాడు ఈయన, ఆయన బుద్ధి కన్నా తిన్నగానే ఉన్నాయని చెప్పక్కా అంటాడు వాడు, చెప్పేదేముంది విన్నాడుగా, అయినా చెప్పాలి, చెప్పకపోతే నువ్వూ వాడి పక్షమే అంటాడు ఈయన, చెబితే నువ్వెప్పుడూ ఆయన కొమ్ము కాస్తావంటాడు వాడు, ఒకాయన ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం, ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడ కాళ్ళు విరిగినట్టు నడుమ నేను, లేగదూడనా నేను, నలభై నిండుతున్నాయి, అమ్మ పోయిన ఏడు వంటింట్లో అడుగుపెట్టినదాన్ని ఇంకా బయటపడలేదు, వాగు అవతల గొర్రెలు కాసుకునే నిల్స్ అనే స్వీడన్ వాడు అడిగాడు నన్ను, మంచి మనిషి, చేతులు శుభ్రంగా ఉండేవి, గొర్రెలవాడికిచ్చే కన్నా తోడేలుకిస్తాను పిల్లని అన్నాడు నాన్న, అవునన్నాడు రూఫస్ కూడా, వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది నా జన్మలో ఆ ఒక్కసారే.

ఇదిగో వాగు, నిన్నటి వానకి పొంగింది, బండి దిగబడితే లాగేవాడెవడు, ఇద్దరూ పోట్లాటలో ఉన్నారు, బండిని ఇక్కడే ఆపి రాళ్ళ మీదుగా దాటి నడవడం నయం, నా బూట్లు మొన్ననే నోళ్ళు తెరిచాయి, గుమ్మం దగ్గర పడున్న రూఫస్ పాత బూట్లు తొడుక్కొచ్చాను, మడమ దగ్గర ఒక్కో బూటులో పిడికెడు గుడ్డలు కుక్కినా డబడబమంటున్నాయి, ఒక చేతిలో రెండు డబ్బాలు, ఇంకో చేతిలో కాఫీ కెటిల్, పావడా పళ్ళతో పట్టుకోవాలి కాబోలు, బురద తప్పించుకోవాలంటే కంచె వెంబడే ఎక్కాలి, ఎక్కుతున్నాను, ఎడమచేతి వైపు కొత్త గుంజలు, మూడు వరసల ముళ్ళతీగ ఎండలో తళతళలాడుతోంది, ఎంత దూరం కట్టాడో, గట్టు అంచు పొడుగునా, అటు మైలు, ఇటు మైలు, నడుమ ముప్పై గజాల ఖాళీ, ఆ ఖాళీ దగ్గరే వీళ్ళ కురుక్షేత్రమంతా, అది నా దారి అంటాడు నాన్న, మొదటి మందని ఆ దారినే నదిలోకి దింపాను, వీడు పుట్టకముందు, నా ప్రాణం ఉండగా అక్కడ తీగ పడదు అని ఈయన, పడుతుంది అని వాడు, ఇంతకీ గట్టు అంచున కంచె ఏమిటో, పశువులు మేసేది ఇవతల బయల్లో, పొరుగువాళ్ళ హద్దు ఉత్తరాన, అక్కడ కట్టరా అంటే కట్టడు, ఎవరూ అడగని చోట, అరవై అడుగుల లోయ అంచున, కేవలం ఆయన వద్దన్నాడు కాబట్టి కడుతున్నాడు, వాడు కడుతున్నాడు కాబట్టి ఆయన వద్దంటున్నాడు, పిచ్చివాళ్ళ ఆసుపత్రి షయెన్ పట్నంలో ఉందో లేదో కనుక్కోవాలి, ఉంటే నేనే వెళ్ళి చేరతాను.

అసలు ఇదంతా ఆ చలికాలం నుంచి, మూడేళ్ళ కిందటి ఆ పాడు చలికాలం, ఎండుగడ్డి కోసి పెడదాం నాన్నా అని ఆగస్టంతా బతిమాలాడు రూఫస్, గడ్డి కోసుకునేది రైతులు, నేను పశువులవాణ్ణి, నా మంద మంచు కింద గడ్డి తవ్వుకు తింటుంది అన్నాడు ఈయన, తర్వాత ఏప్రిల్లో మంచు కరిగినప్పుడు లోయల నిండా కుప్పలు, నాలుగువేల పశువులు, ఇంటి గోడకి ఆనుకుని చచ్చినవి, వంటింటి కిటికీలోంచి నా వైపే చూస్తున్న ఎర్ర ఆవు, కళ్ళు తెరుచుకునే గడ్డకట్టింది, ఆ వాసన నెలల తరబడి రొట్టె పిండిలో కూడా, అప్పుడు ఒక్క మాట అనలేదు రూఫస్, నేను చెప్పాను కదా అని కూడా అనలేదు, వాడి మంచితనమనుకున్నాను, మంచితనమూ లేదు పాడూ లేదు, దాచిపెట్టుకున్నాడు, పోయిన అక్టోబరులో ఒక పొద్దున ఎక్కడ రాజుకుందో ఏమో గాని అదే మాట ఆయన ముఖానే అరిచాడట, ముసలాడా, నీ మొండితనమే నాలుగువేల పశువుల్ని చంపింది అని, ఈయన గుర్రం మీద వాణ్ణి ఇంటి దాకా తరిమి నా కళ్ళ ముందే కొరడాతో చెంప పగలగొట్టాడు, నెత్తురు కడిగింది నేను, సారా పోసి కట్టు కట్టింది నేను, అంత మాట ఎందుకన్నావురా, కన్నతండ్రిని, అంటే నవ్వాడు, పెదవి చీలి ఉంది, అయినా నవ్వాడు, ఎంత కసి ఉంటే అలా నవ్వుతాడు మనిషి అనుకుని ఆ రోజు వాణ్ణి కూడా అసహ్యించుకున్నాను, ఆ సాయంత్రమే పరుపు చుట్టుకుని పనివాళ్ళ కొట్టంలోకి మారిపోయాడు, అప్పటి నుంచే నాకు రెండు వడ్డనలు, రెండు డబ్బాలు, రెండు నోళ్ళు.

గట్టు మీద గాలి బాగా ఉంది, సుత్తి చప్పుడు వినబడడం లేదేమిటి, వాడెక్కడికి పోయాడు, ఓహో తీగ చుట్టలు తేవడానికి దిగువకి పోయి ఉంటాడు, ఇదిగో ఈయన, మహారాజు, కుర్చీలో నిటారుగా, మిట్టమధ్యాహ్నపు ఎండ నెత్తిన పడుతున్నా టోపీ అంచు పైకి తోసుకుని, నా వైపే చూస్తున్నాడు, చూడనీ, నేను పలకరించను, ఒట్టంటే ఒట్టే, డబ్బా కాళ్ళ దగ్గర పెట్టి పోతాను, ఇరవై అడుగులు, పదిహేను, అక్కడే ఆగు రూఫస్ అన్నాడు, ఎవరితో అంటున్నాడు, వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరూ లేరు, ఇటు తిరిగేసరికి తుపాకి గొట్టం నా రొమ్ముకి సూటిగా ఉంది, ఇంకొక్క అడుగు వేశావంటే కాలు విరగ్గొడతాను, కొడుకువని చూడను అన్నాడు, కళ్ళు విప్పార్చి నా ముఖంలోకే చూస్తూ, నీలం పావడా, ఎండటోపీ, చేతిలో కెటిల్, పది అడుగుల దూరం, మబ్బు కూడా లేని ఎండ, కొడుకువని చూడను అంటున్నాడు నాతో.

కదల్లేదు నేను, ఊపిరి కూడా కెటిల్ మూత మీద ఉన్నట్టుంది, అది కదిలితే ఈయన పేలుస్తాడు, మాట్లాడు హెట్టీ, మాట్లాడు అనుకుంటున్నాను, మాట్లాడవేంరా అంటున్నాడు, ఆ చూపు నా ముఖం మీదే అనుకున్నాను, కాదు, నా భుజం పక్కన ఎక్కడో, గాలి మీద ఉంది, బూట్లు, రూఫస్ బూట్ల చప్పుడు విన్నాడు, ఆ చప్పుడునే చూశాడు, దేవుడా, ఎప్పటి నుంచి, కాఫీ కప్పు బల్ల అంచు దాటించి పెట్టి పగలగొట్టినప్పుడు చేతులు వణికితే వణికాయి, చూసి పెట్టలేవా అని అరిచాను, చూసి పెట్టలేవా అన్నాను, చొక్కా తిరగేసి తొడుక్కుని ఊళ్ళోకి బయల్దేరినప్పుడు గుమ్మంలో ఆపి, పనివాళ్ళ ముందే, సిగ్గు కూడా పోయిందా ముసలితనానికి అన్నాను, ఆదివారాల బైబిలు, నువ్వే చదువు అమ్మాయ్, నీ గొంతు విని చాలా రోజులైందన్నాడు, చాకిరీ చాలక ఇదొకటా అని గొణుక్కుంటూ చదివాను, పేజీ తప్పి రెండుసార్లు ఒకే అధ్యాయం చదివినా ఆమెన్ అన్నాడు, గుర్రాన్ని మార్చనంటాడు, ఆ ముసలి బూడిదరంగు గుర్రమే కావాలి, దానికి దారులన్నీ తెలుసు కదా మరి, ఒక్కొక్కటీ చూశాను నేను, ఒక్కొక్కదానికీ తిట్టాను, నాన్నా అన్నాను ఆఖరికి, కీచుగా వచ్చింది, నేను నాన్నా, హెట్టీని.

గొట్టం కిందికి దిగింది, మెల్లగా, ఏదో ఆలోచించుకుని దించినట్టు, నువ్వని తెలుసులేవే అన్నాడు, బెదురుతావో లేదో చూద్దామని, ఆ నవ్వు, అబద్ధం చెప్పడం కూడా రాదు ఈ మనిషికి, ఏం తెచ్చావు, మళ్ళీ బీన్సేనా, నీ చేతి బీన్స్ తిని తినే నీ అమ్మ స్వర్గానికి పోయింది అన్నాడు, అమ్మ పోయినప్పుడు నాకింకా వంటే రాదు, మామూలుగా అయితే ఆ మాటకి డబ్బా నెత్తిన బోర్లించేదాన్ని, ఇవాళ డబ్బా మూత తీసి ఆయన చేతిలో పెట్టబోయి, చెయ్యి నేను పట్టుకోవాలా, అక్కర్లేదా, చాపిన చెయ్యి డబ్బాకి జానెడు పక్కన ఆగి, ఆవిరి తగిలి ఇటు జరిగి, వేళ్ళతో అంచు తడిమి పట్టుకుంది, ఎంత నేర్పుగా, ఎన్నాళ్ళు సాధన చేశాడో, ఒంటరిగా, తలుపు వేసుకుని, ఏమే అలా ఉన్నావు, ఒంట్లో బాగోలేదా అన్నాడు, బాగానే ఉన్నాను అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, మెత్తగా, జబ్బుమనిషి మంచం పక్కన మాట్లాడినట్టు, ఆయన చెంచా నోటి దాకా వెళ్ళి ఆగింది, తల పక్కకి వంచి వింటున్నాడు, ఇంకొక్క క్షణం ఉంటే ఏడుస్తాను, అవతల వాడికి పెట్టొస్తా అని కెటిల్ అక్కడే దించి వచ్చేశాను.

పరుగెత్తాను, ఆ దొంగబూట్లతో, కంచె వెంట దిగువకి, వాడు తీగ చుట్ట భుజాన వేసుకుని ఎక్కి వస్తున్నాడు, ఒరే, ఒరే రూఫస్, నీకసలు బుద్ధుందా, తొమ్మిది నెలలుగా ఎవరితో పోట్లాడుతున్నావో తెలుసా, నాన్నకి కళ్ళు లేవురా, నా గుండె మీద తుపాకి పెట్టి నువ్వనుకున్నాడు, ఆయనకి ఏమీ కనబడడం లేదు, వింటున్నావా, చుట్ట కింద పెట్టాడు, చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీశాడు, మెల్లగా అరవక్కా, గాలి అటే వీస్తోంది అన్నాడు, అంతే, గాలి అటే వీస్తోందట, నీకు తెలుసా అన్నాను, తెలుసు అన్నాడు, ఎప్పటి నుంచిరా, చెంప మీద గీత గోక్కున్నాడు, అక్టోబరు నుంచి, మొదటి మంచు పడ్డ మర్నాడు పొద్దున.

వాడు చెప్పాడు, గుంజకి ఆనుకుని, నా ముఖం చూడకుండా చెప్పాడు, ఆ పొద్దున పోయిన దూడ కోసం ఇటొచ్చాను, నాన్న బూడిద గుర్రం మీద గట్టు అంచున ఉన్నాడు, దిగే దారి మలుపు దాటిపోయింది, ఆయనకి తెలీలేదు, గుర్రం ముందుకాళ్ళు తన్నిపెట్టి కదలనంటోంది, ఈయన మడమలతో పొడుస్తున్నాడు, నడువే ముసలిదానా అంటున్నాడు, దాని ముందు గాలి తప్ప ఏమీ లేదక్కా అన్నాడు, పిలవొచ్చు కదురా అన్నాను, ఏమని పిలవను, నాన్నా నీ ముందు లోయ ఉంది అనా, ఈ లోయ దారి కనిపెట్టింది నేనే అనే మనిషితో, అంటే వెనక్కి తిరుగుతాడా, కాదని రుజువు చెయ్యడానికి ఇంకోసారి పొడుస్తాడు, అందుకని ఆయన వినకుండా ఉండలేని మాట ఒకటి అరిచాను, ఆ చలికాలం మాట, మూడేళ్ళుగా అనకూడదనుకున్న మాట, గుర్రాన్ని ఒక్క గుంజు గుంజి వెనక్కి తిప్పాడు, అమ్మనా బూతులు తిడుతూ నా గొంతు వినబడే దిక్కునే నా వెంట పడ్డాడు, ఇంటి దాకా ఆగకుండా తిట్టుకుంటూ నా గుర్రాన్ని పరుగెత్తించాను, వెనకాలే వచ్చాడు అన్నాడు, నవ్వాడు మళ్ళీ, అదే నవ్వు, కొట్టినప్పుడు కూడా నా గొంతు ఆనవాలుతోనే కొట్టాడక్కా, భలే గురి.

కంచె ఇక్కడెందుకు కడుతున్నావురా అని మళ్ళీ అడగలేదు నేను, అడిగే ముఖం లేదు, మైలు అటు, మైలు ఇటు, గట్టు అంచు పొడుగునా, మరి ఆ ముప్పై గజాలో, అసలు దాన్నే ముందు మూసెయ్యొచ్చు కదా అన్నాను, మూసెయ్యొచ్చు, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు అరపూట పని, మూసేస్తే ఆయన కాపలా ఎక్కడ కాస్తాడక్కా, ఓడిపోయానని ఇంటికొచ్చి ఏం చేస్తాడు, గుర్రం ఎక్కుతాడు, ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఎక్కడు, అందుకే ఈ మూల గుంజ పాతడం, మర్నాడు వదులుగా ఉందని పీకడం అన్నాడు, తుపాకి నిండుగానే ఉందిరా, తూటాలైనా తీసెయ్యి అన్నాను, తీస్తే బరువులోనే తెలిసిపోతుంది ఆయనకి, నేనెక్కడున్నానో తెలియాలనే సుత్తితో వాయిస్తూ ఉంటాను, ఇవాళ చుట్ట కోసం దిగాను, నువ్వు బండి చప్పుడుతో వస్తావనుకున్నా, క్షమించు అన్నాడు, వీడు నాకు క్షమాపణ చెప్పడం చిన్నప్పుడు నా బొమ్మ వాగులో పారేసినప్పుడు కూడా లేదు, నాకు కోపం ముంచుకొచ్చింది, సిగ్గు వేసినా నాకు కోపంగానే వస్తుంది, ఒకే ఇంట్లో ఉంటాను, వండిపెడతాను, గుడ్డలుతుకుతాను, నాకెందుకు చెప్పలేదురా, నేనేం పరాయిదాన్నా అన్నాను, వాడు డబ్బా తెరిచాడు, చల్లారిన బీన్స్ కలిపాడు, ఇంట్లో ఆయన్ని భయం లేకుండా తిట్టేది నువ్వొక్కదానివే, నీకు తెలిస్తే మానేస్తావు, నువ్వు మానేసిన రోజు ఆయనకి తెలిసిపోతుంది, మనందరికీ తెలుసునని అన్నాడు.

అవును, ఇందాక చెంచా ఆగింది కదా, తల వంచి విన్నాడు కదా, ఒక్క మెత్తటి మాటకే, నేనిక్కడ ముళ్ళతీగ పట్టుకుని నిలబడి అప్పుడే లెక్కలు వేస్తున్నాను, కప్పు ఎప్పుడూ ఒకే చోట పెట్టాలి, కుర్చీలు దారికడ్డం లేకుండా జరపాలి, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాలి, కాలరు సరిచెయ్యాలి, గొంతు తగ్గించాలి, ఈ పాడు ఆలోచనలన్నీ చక్కగా కనిపిస్తున్నాయి, వీటిలో ఏ ఒక్కటి చేసినా, చెయ్యి పట్టుకున్న మొదటి రోజునే ఆయన నా చెయ్యి విదిలించుకుని, గుర్రానికి జీను వేయించుకుని ఎటు పోతాడో నాకు తెలుసు, కళ్ళు పోయాయని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ సంగతి ఆయన ఒక్కడే మోస్తున్నాడు, మోస్తున్నట్టు మనకి తెలియదనుకుంటున్నాడు కాబట్టే మోయగలుగుతున్నాడు, ఇంటి పెద్దగా, నా కుర్చీలో, ఏమే హెట్టీ, ఆ అరుపు, గాలికి ఎదురొచ్చి మరీ వినిపిస్తోంది, ఆ వెధవకి ఎంతసేపే వడ్డన, ముద్దలు కలిపి పెడుతున్నావా, ఇక్కడ తండ్రి గొంతెండి చచ్చినా ఫర్వాలేదా, రూఫస్ సుత్తి అందుకున్నాడు, నా వైపు చూడలేదు, గుంజ మీద ఒక దెబ్బ వేశాడు, ఇంకొకటి, నేను ఎండటోపీ కొసతో ముఖం తుడుచుకున్నాను, కాఫీ ఇస్తే చేదంటాడు, నీళ్ళిస్తే వేడంటాడు, ఇవాళా అంటాడు, రేపూ అంటాడు, నేనూ అంటాను, ఆయన బతికున్నన్నాళ్ళూ రోజూ అంటాను, ఇంత విసుగు పెట్టే పనిని ఇంత జాగ్రత్తగా చెయ్యాల్సి వస్తుందని ఎవరనుకున్నారు, వస్తున్నా, గొంతు చించుకోకు నాన్నా, నాకేం నాలుగు చేతులున్నాయా, రెండడుగులు వేసి కెటిల్ నువ్వే తీసుకుని తాగితే నీ సొమ్మేం పోయింది, ఒక్క క్షణం సుత్తి ఆగింది, గట్టు మీద ఆయన తుపాకి మోకాళ్ళ మీద సర్దుకుని, హాయిగా, నా మీద విరుచుకుపడడం మొదలుపెట్టాడు.